క్లచ్ మీద కాలు

మిర్యాలగూడ
జూలై, మొదటి ఆదివారం

అలేఖ్యా,

ఈ పొద్దున కారు పక్క అద్దంలో మా గేటు రెండు గేట్లుగా కనిపించింది. కారు కదలడం లేదు. న్యూట్రల్‌లో ఉంది. నా కాళ్లు రెండూ పెడళ్లకు దూరంగా, చెప్పుల్లో ఉన్నాయి. అయినా అద్దం వణుకుతోంది, అద్దంలో గేటు వణుకుతోంది, గేటు మీది కాకి కూడా వణుకుతోంది. తల తిప్పి చూస్తే అసలు కాకి నిమ్మళంగా కూర్చుని ఉంది.

నీకు ఫోన్ చేయొచ్చు. కానీ నీ ఫోన్ ఇప్పుడు షాపు ఫోన్ కూడా. ఎత్తగానే "డీజిల్ సర్వీస్, చెప్పండి" అంటావు. వెనక ఎవరో నాజిల్ రేటు అడుగుతుంటారు. నేను తర్వాత చేస్తానని పెట్టేస్తాను. సూర్యాపేట హాస్టల్లో ఆదివారం మధ్యాహ్నం సిస్టర్ మనకు ఉత్తరాల గంట పెట్టేది కదా. అప్పటినుంచీ నేను రాస్తేనే మాట్లాడినట్టు.

సంగతి ఇది. మే నెలలో కారు మీ షాపుకు తెచ్చాం. నల్లపొగ వస్తోందని మా సాంసన్ అన్న డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లూ మీ దగ్గరే సర్వీస్ చేయించాడు. నువ్వు మజ్జిగ ఇచ్చావు. పొగ తగ్గింది, వణుకు మొదలైంది. ఇంజిన్ చల్లగా ఉంటే మరీ ఎక్కువ. రెండో గేరులో మెల్లగా పోతుంటే ఎక్కిళ్లు పట్టినట్టు ఎగురుతుంది.

ఇంట్లో తీర్పు అయిపోయింది.

"క్లచ్ మీద కాలు పెట్టి నడుపుతది" అన్నాడు అన్న. "ఆడోళ్ల అలవాటే గంత. ప్లేటు కాలబెట్టింది."

నిలబడి ఉన్నప్పుడు కూడా వణుకుతోందని చెప్పాను.

"నువ్వు జర ఊకో."

నాన్న కళ్లు మసకబారాక ఈ కారు నా చేతికి వచ్చిందని నీకు తెలుసు. త్రిపురారం స్కూలుకు నాతోపాటు నలుగురు టీచర్లు ఇందులోనే వస్తారు. స్టీరింగ్ ముందు కూర్చున్నంతసేపూ నాకు ఎవరి భయమూ ఉండదు. చూపు రోడ్డు మీద ఉండాలి కాబట్టి ఎవరి మొహమూ చూడక్కర్లేదు. వెనక సీట్లో శాంతాబాయి టీచర్ ఏదైనా అంటే పెద్దగా నవ్వుతాను కూడా. మొన్న ఆవిడే అంది: "కరుణ టీచర్, నీ బండికి సలిజరమొచ్చినట్టున్నది. ఓ గోలి ఎయ్యరాదు?" అందరూ నవ్వారు. మర్నాడు ఇద్దరు ఆటో ఎక్కారు.

కారు అమ్మేద్దామంటున్నాడు అన్న. అమ్మేదాకా తాళంచెవి తన దగ్గర పెట్టుకుంటాడట. నేను ఇవ్వను. కానీ నా కాలు తప్పు చేయలేదని రుజువు కావాలి. పని చేసింది మీ షాపు కాబట్టి ముందు నిన్నే అడుగుతున్నాను. ఇది ఇంజెక్టర్ వల్ల అయ్యే వీలుందా? మీ ఆయన శశిధర్ గారిని అడిగి రాయి.

కరుణ

*

కోదాడ
జూలై

ఓ మౌనమునీ!

నీ ఉత్తరం తెచ్చి పోస్ట్‌మ్యాన్ కౌంటర్ మీద గ్రీజు మరకల మధ్య పెట్టాడు. "ఈ కాలంలో చేత్తో రాసిన కవరా మేడమ్! కోర్టు నోటీసేమో అనుకున్నా" అన్నాడు. మామయ్యగారు నిజంగానే కంగారుపడి కళ్లజోడు వెతుక్కున్నారు. నవ్వాపుకోలేక లోపలికి పారిపోయాను.

ఇక్కడ వానలు. హైవే మీద లారీలు ఆగిపోతే మాకు పండగ. పొద్దున్నుంచీ పంపులు విప్పడం, కడగడం, బిగించడం. నా బొట్టుబిళ్ల కూడా డీజిల్ వాసనే. మా బాబు నడుస్తున్నాడు! గోడ పట్టుకుని, ఇనప్పెట్టె పట్టుకుని, లారీ డ్రైవర్ల లుంగీలు పట్టుకుని. నిన్న ఒకాయన, "బాబూ, వదలరా, పరువు పోతది" అని బతిమాలాడు.

నీ కారు గురించి మావారిని అడిగాను. "క్లచ్చే అయ్యుంటది. కొత్తగా నడిపేవాళ్లకు మామూలే" అన్నారు. నువ్వు కొత్తగా నడిపేదానివి కాదని చెప్పబోయాను, ఇంతలో లారీ వచ్చింది.

కాబట్టి మీ అన్న చెప్పినట్టు ప్లేటు మార్పించు. బానెట్ ఎవరితోనైనా తెరిపించావా? తెరిపించకు. ఒకరు చేసినదాంట్లో ఇంకొకరు వేలు పెడితే ఉన్నది కూడా పోతుంది. ఈమధ్య ఏం చదువుతున్నావో రాయలేదు. నేను పుస్తకం ముట్టి ఏడాది. పేజీ తిప్పగానే మావాడు చింపుతున్నాడు.

నీ
అల్లరి అలేఖ్య

*

మిర్యాలగూడ
ఆగస్టు

అలేఖ్యా,

క్లచ్ ప్లేటు మార్చారు. వణుకు మారలేదు.

ఫకీరా అని మా బజారులో మెకానిక్ ఉన్నాడు. ఆయన్ని ఇంటికి పిలిచి అన్న కారు అప్పగించాడు. సాయంత్రం ఫకీరా కారు తెచ్చి గేటు ముందు నిలబెట్టాడు. బండి ఆగింది. వణుకు ఆగలేదు.

"ఏందయ్యా, గట్లనే ఉన్నది?" అంది అమ్మ.

"క్లచ్ మార్చుమన్నరు, మార్చిన. వణుకుడు బందు చెయ్యుమని నాకెవ్వలు చెప్పలే" అన్నాడు ఫకీరా.

నాన్న అరుగు మీద కూర్చుని గట్టిగా నవ్వాడు. అన్న ముఖం మాడిపోయింది.

తీసేసిన ప్లేటు గోనెసంచిలో చుట్టి ఉంది. విప్పి చూశాను. పెద్దగా అరగలేదు. కాలిన మచ్చ లేదు. తీసుకెళ్లి అన్నకు చూపించాను.

"ప్లేటు సంగతి నీకేం తెలుసు?" అన్నాడు.

"నీకేం తెలుసో చెప్పు" అన్నాను.

మనసులో కాదు అలేఖ్యా, పైకే అన్నాను. బియ్యం చెరుగుతున్న అమ్మ చేతిలో చేట ఆగిపోయింది.

దానికి శిక్షగా తాళంచెవి పోయింది. ఇప్పుడు కారు గేటు దగ్గరే ఉంటుంది. దాని తాళం అన్న చొక్కా జేబులో, స్కూటర్ మీద, రైస్ మిల్లుకు పోయి వస్తుంది. నేను ఆటోలో పోతున్నాను. "నా ఒళ్లో ఇద్దరు కూసుంటున్నరు, కరుణ టీచర్! నీ వణుకుడు బండే నయ్యముండె" అంటోంది శాంతాబాయి.

ఫకీరాను పక్కకు పిలిచి అడిగాను. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నాజిలే మేడం, అదే ఇంజెక్టర్. ఏదో ఒకటి అరిగి డీజిల్ ఎక్కువ ఎనక్కి ఇడుస్తున్నది. రిటర్న్ పట్టి సూస్తే తెలుస్తది. గని పని చేసింది కోదాడ పెద్ద షాపోళ్లు. నా పంపులన్ని ఆడికే పోతయి. ఆళ్ల పని మీద నేను చెయ్యి పెడితే రేపు నా పని ఎవరు చేస్తరు?"

అది అర్థం కావడానికి నేను కారు పుస్తకమంతా చదివాను. ప్రతి ఇంజెక్టర్ తనకు అందిన డీజిల్‌లో కొంత ఇంజిన్‌లోకి చిమ్మి, మిగిలింది సన్నని పైపులోంచి వెనక్కి పంపుతుంది. నాలుగూ బాగుంటే నాలుగు పైపుల్లో ఇంచుమించు ఒకేలా వస్తుంది. అరిగినదాంట్లోంచి ఎక్కువ వస్తుంది. ఇది కొలిచి చూసే పని. కొలవడం నాకు చేతనవును. ఎనిమిదో తరగతి పిల్లలకు రోజూ చెప్పేది అదే.

ఇంకో మాట. ఇంజెక్టర్ వల్ల అయ్యే వీలుందా అని నిన్ను అడిగాను. నువ్వు క్లచ్ గురించి రాశావు. బానెట్ తెరవొద్దని రాశావు. ఎందుకు?

కరుణ

*

కోదాడ
ఆగస్టు

కరుణకు,

ఇక్కడ అందరం క్షేమం. బాబుకు జలుబు చేసి తగ్గింది.

నీ ఉత్తరం ఈసారి మావారు తీసి చదివారు. "మనల్ని దొంగలంటోందా?" అన్నారు. నువ్వు అలా అనలేదని చెప్పాను.

పైపులూ కొలతలూ అంటూ పిచ్చిపనులు పెట్టుకోకు. డీజిల్‌తో ఆటలు కావు. ఆ కారు అమ్మితే నీకేం పోతుంది? స్కూలుకు ఆటోలున్నాయి, బస్సులున్నాయి. ఇంటి మగవాళ్లతో తగువు పెట్టుకుని ఆడవాళ్లు బాగుపడింది ఎక్కడా లేదు.

ఇకనుంచి కారు గురించి రాయకు.

ఇట్లు
అలేఖ్య శశిధర్

*

మిర్యాలగూడ
ఆగస్టు, చివరి వారం

అలేఖ్యకూ, శశిధర్ గారికీ,

నా ఉత్తరాలు ఇద్దరూ చదువుతున్నారు కాబట్టి ఇద్దరికీ కలిపే రాస్తున్నాను. అలేఖ్యా, నీ సంతకం చూశాను. పూర్తి పేరుతో, హాజరు పట్టీలో చేసినట్టు చేశావు. అది నీ రాతే. ఆ మాటలు నీవి కావు.

కొలిచాను.

తాళంచెవి అన్న దగ్గర ఉందని నేను దిగులుగా కూర్చుంటే నాన్న తలగడ కింద తడిమి ఇంకోటి తీశాడు. "ఏ బండికైన రెండు తాళాలిస్తరు బిడ్డా. మీ అన్నకు గది కూడ తెల్వదు."

స్కూలు ల్యాబ్ నుంచి హెడ్‌మాస్టర్‌ను అడిగి నాలుగు కొలజాడీలు తెచ్చాను. మెడికల్ షాపులో నాలుగు సెలైన్ పైపులు కొన్నాను. ఎవరికి బాగాలేదని అడిగాడు షాపతను. కారుకు అన్నాను. ఆదివారం పొద్దున, చర్చికి పోకముందే, వెనక్కి పోయే పైపులు తీసి ప్రతి ఇంజెక్టర్‌కూ ఒక సెలైన్ పైపు, దాని కింద ఒక జాడీ కట్టాను. నాన్న డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. ఆయనకు జాడీలు కనపడవు కానీ తాళం తిప్పడానికి కళ్లు అక్కర్లేదు.

"తిప్పాల్నా?"

"తిప్పు నాన్నా."

ఇంజిన్ అలాగే దడదడలాడుతూ తిరిగింది. మొదటి జాడీ, రెండోది, నాలుగోది చెప్పుకున్నట్టు ఒకే ఎత్తున మెల్లగా నిండసాగాయి. అవి సగం దాకా వచ్చేలోపే మూడోది పొంగి నా చెప్పుల మీద పడింది. పైపులు మార్చి మళ్లీ చూశాం, పైపుల తప్పేమో అని. మళ్లీ మూడోదే.

చర్చి నుంచి వస్తూ ఫకీరాను పిలుచుకొచ్చాను. విప్పనన్నాడు. "విప్పొద్దు, చదువు" అన్నాను. ప్రతి ఇంజెక్టర్ తలమీదా ఒక నంబరు చెక్కి ఉంటుంది. అదే నంబరు బండి కంప్యూటర్‌లో కూడా ఎక్కించి ఉంటుంది. చదవడం తప్పు కాదని ఆయన స్కానర్ తగిలించి కంప్యూటర్‌లోవి పైకి చదివాడు. నేను గుడ్డతో తుడిచి తలమీదివి చదివాను. మూడు కలిశాయి. మూడోదాని నంబరు మాత్రం కలవలేదు.

"ఇది మీ బండిది కాదు మేడం" అన్నాడు.

ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి ఇంజెక్టర్లు మే నెల దాకా ఎవరూ విప్పలేదు. విప్పింది మీరు ఒక్కరే.

శశిధర్ గారూ, నేను మిమ్మల్ని దొంగ అనలేదు. నా బండిలో వేరేవాళ్ల ఇంజెక్టర్ ఎలా వచ్చిందని అడుగుతున్నాను. ఉత్తరంలో జవాబు అక్కర్లేదు. రెండో శనివారం నాకు సెలవు. కారు తీసుకుని మీ షాపుకు వస్తున్నాను, గిరాకీ ఉండే వేళకే.

అలేఖ్యా, నువ్వు ఏమీ మాట్లాడకపోయినా సరే.

కరుణ

*

సూర్యాపేట
సెప్టెంబర్

నా కరుణా,

ఊరు పేరు చూసి ఆశ్చర్యపోయి ఉంటావు. మా అమ్మ దగ్గర ఉన్నాను. బాబు కూడా. "కొన్నాళ్లు సూర్యాపేట పోయి రా, మనసు నిమ్మళమయితది" అని అత్తయ్య బ్యాగు తానే సర్దింది. చీరలు ఎన్ని పెట్టిందో చూస్తే ఆ కొన్నాళ్లు ఎంత పొడుగో తెలిసింది.

నీ ఉత్తరం ఆయన చేతిలో పడకముందే నాకు అందింది. మామయ్యగారికి అన్నం పెడుతూ, మావారు కూడా పక్కనే తింటుండగా, మొదటినుంచి చివరిదాకా పైకి చదివాను. జాడీ పొంగిన దగ్గర మామయ్యగారి చెయ్యి ఆగింది. నంబరు దగ్గర లేచిపోయారు.

ఇప్పుడు నాకు తెలిసింది రాస్తాను.

మీరు వచ్చిన రోజే మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీకి పనిచేసే కాంట్రాక్టర్ ఒకాయన కారు కూడా వచ్చింది. నీ మోడలే. ఆయన మూడో ఇంజెక్టర్ పోయింది. కొత్తది హైదరాబాద్ నుంచి రావాలి. ఆయన ఆగే మనిషి కాదు, ఆయన లారీలన్నీ మా దగ్గరికే వస్తాయి. రెండు కార్లవీ కడిగి పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. మావారు నీది తీసి ఆయనకు వేశారు. ఆయనది తుడిచి నీకు వేశారు. నీకు మజ్జిగ ఇస్తున్నప్పుడు లోపల జరుగుతున్నది అదే.

నేను చూసి, "అది కరుణ బండి" అన్నాను.

"అందుకే" అన్నారు. "ఆ పిల్ల నోరు తెరిచి అడుగుద్దా? ఆళ్లన్న మాత్రం? గురవయ్య ఇంటోళ్లు మన గడప ముందు నిలబడి లెక్క అడిగేంతోళ్లయ్యారా?"

మీ నాన్న పేరెత్తి అన్న ఆ మాటలో ఏముందో నీకు నేను విప్పి చెప్పక్కర్లేదు. హాస్టల్లో మనిద్దరం ఒకే పళ్లెంలో తిన్నామని ఆయనకు ఎన్నోసార్లు చెప్పాను. తమాషా కథలా విన్నారు.

కొత్తది రాగానే నీకు వేస్తానన్నారు. కొత్తది వచ్చింది. కౌంటర్ వెనక అల్మారా పై అరలో, సీలు తీయని పెట్టెలో ఉంది. వేయలేదు. నువ్వు అడగలేదు కాబట్టి.

క్షమించమని రాయను. రాసినంత మాత్రాన నీ బండి బాగుపడదు. బస్సు పార్సిల్‌లో ఆ పెట్టె గుట్టుగా నీకు పంపించేద్దామని ఒక రాత్రంతా అనుకున్నాను. గుట్టుగా ఇస్తే నీ కాలి మీద పడ్డ నింద నీ కాలి మీదే ఉంటుంది. అందుకే పంపలేదు. నువ్వు వెళ్లు.

ఒక్కటి గుర్తుపెట్టుకో. మామయ్యగారు నిన్ను లోపలికి పిలుస్తారు. చాయ్ అంటారు. లోపలికి వెళ్లకు. కౌంటర్ దగ్గరే నిలబడు. ఆ ఇంట్లో లోపలికి వెళ్లిన మాట మళ్లీ బయటికి రాదు. నాలుగేళ్లుగా చూస్తున్నాను.

వాళ్లొచ్చి పిలిచేదాకా నేను వెళ్లను. మా అమ్మ రోజూ కళ్లొత్తుకుంటోంది. ఒత్తుకోనీ.

అలేఖ్య

*

మిర్యాలగూడ
సెప్టెంబర్, రెండో ఆదివారం

అలేఖ్యా,

నిన్న వెళ్లొచ్చాను.

శుక్రవారం రాత్రి అన్నం దగ్గర చెప్పాను: "రేపు కారు తీస్కొని కోదాడ పోతున్న. వస్తే రా." నవ్వాడు. నాకు బుద్ధి చెబుతారు, కళ్లారా చూడొచ్చు అనుకున్నాడేమో, పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. నాన్న వెనక సీట్లో. ఆయన ఇచ్చిన తాళంతో స్టార్ట్ చేశాను. హుజూర్‌నగర్ దాకా కారు ఎక్కిళ్లు పెడుతూనే ఉంది. అక్కడ బస్టాండు దగ్గర ఇంజిన్ ఆగిపోయింది. వెనక ఆటోలు హారన్లు కొట్టాయి. మళ్లీ స్టార్ట్ చేసి కదిలాను. కాలు వణకలేదు.

మీ షాపు ముందు మూడు లారీలు, గ్రీజు చేతులతో డ్రైవర్లు. శశిధర్ గారు నన్ను దాటి అన్నను చూశారు.

"ఏంది సాంసన్, చెల్లెల్ని కూడా తీసుకొచ్చావ్?"

"ఆయన నన్ను తీసుకురాలే" అన్నాను. "నేనే ఆయన్ని తీసుకొచ్చిన."

నా గొంతు నాకే వినపడలేదు. ఒక డ్రైవర్, "ఏమంటున్నదబ్బా?" అని పక్కవాణ్ణి అడిగాడు. అందుకని మళ్లీ చెప్పాను, తరగతిలో చివరి బెంచీకి చెప్పినట్టు. "మూడో ఇంజెక్టర్ నాది కాదు. నంబరు కలుస్తలేదు. నాది ఎవరికేసిండ్రో చెప్పుండ్రి."

మీ మామయ్య లేచారు. "ఎండలో ఎందుకు బిడ్డా, లోపలికి రా. చాయ్ తాగి మాట్లాడుకుందాం."

"ఈడనే మాట్లాడుదం సార్."

"ఇంటి మాటలు బజార్లో..."

"ఇది ఇంటి మాట కాదు. బండి మాట."

శశిధర్ గారికి కోపం వచ్చింది. "క్లచ్ సంగతి తేల్చుకోక మా మీద పడతావేంది? నడపడం రాకపోతే..."

"క్లచ్ కొత్తది. వణుకు పాతది." బానెట్ ఎత్తాను. "స్టార్ట్ చేసి ఉన్నది. న్యూట్రల్ల ఉన్నది. డ్రైవర్ సీట్ల ఎవ్వరు లేరు. ఎవరి కాలు పెట్టినట్టు సార్?"

లారీ డ్రైవర్లలో నెరిసిన గడ్డం ఒకాయన పెద్దగా నవ్వాడు. "అమ్మ అడిగిన దాంట్లో తప్పేమున్నది సేటూ? నంబరు సూపియ్యి. నా పంపుల కూడ ఎవని సామానున్నదో ఏమో, నేను గూడ సూస్కోవాలె." మిగతా ఇద్దరూ దగ్గరికి వచ్చారు.

ఆ మాటతో మీ మామయ్య ముఖం మారింది. నా వల్ల కాదు, గిరాకీ పోతుందని. నాకు తెలుసు. అయినా మారింది.

"విప్పు శశీ" అన్నారు.

"పై అరలో పెట్టె ఉంది కదా" అన్నాను నేను. "సీలు నా ముందే తియ్యండి."

నీ పేరు నేను ఎత్తలేదు. ఎత్తక్కర్లేకపోయింది. శశిధర్ గారు నన్ను చూసిన చూపులోనే నీ పేరు ఉంది.

కొత్తది బిగించారు. నంబరు కంప్యూటర్‌లో ఎక్కించేదాకా నేను స్కానర్ పక్కనే నిలబడ్డాను. స్టార్ట్ చేశారు. ఇంజిన్ తిరుగుతోందో లేదో బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తే గాని తెలియలేదు. నాన్న వెనక సీట్లోంచి, "ఆగిపోయిందా బిడ్డా?" అని అడిగాడు.

"అయిపోయింది కదా. ఇంకేంటి?" అన్నారు శశిధర్ గారు.

"ఇంకొకటున్నది. మా అన్నకు చెప్పుండ్రి."

"ఏం చెప్పాలి?"

"ఏమైందో గది."

ఆయన మీ మామయ్య వైపు చూశారు. మీ మామయ్య రోడ్డు వైపు చూశారు. మామూలుగా అలాంటప్పుడు నేనే "పోనీలెండి" అనేస్తాను. నిన్న అనలేదు.

"క్లచ్ కాదు సాంసన్" అన్నారు చివరికి. "మేమే వేరేది వేసినం. ఆమె నడపడంలో తప్పేం లేదు."

అన్న తల ఊపాడు. తప్పయిందని నాతో అనలేదు. అంటాడని నేనూ ఎదురుచూడలేదు.

బయల్దేరుతుంటే మీ మామయ్య కిటికీ దగ్గరికి వచ్చారు. "మా కోడలు నీ మాట వింటది. రమ్మని నువ్వొక మాట చెప్పు బిడ్డా."

"సూర్యాపేట ఎంత దూరం సార్, మీరే పోయి పిలవండి" అన్నాను. వస్తారో లేదో తెలియదు. వస్తే నువ్వు కూడా బయట అరుగు మీదే మాట్లాడు.

సోమవారం నుంచి నలుగురు టీచర్లూ కారులో వస్తామన్నారు. తాళంచెవులు రెండూ నా దగ్గరే ఉన్నాయి. అన్న దగ్గరున్నది ఎలా వచ్చిందో చెప్పి ముగిస్తాను. షాపు ముందు శశిధర్ గారు నన్ను కాదని అన్నను పిలిచి, "ఒక రౌండ్ కొట్టి చూసుకో సాంసన్, నీ దగ్గరున్న తాళమే పెట్టు" అన్నారు. అన్న జేబులోంచి తాళం తీశాడు. డ్రైవర్లందరూ చూస్తున్నారు. కాసేపు అరచేతిలో పెట్టుకుని చూసి, తెచ్చి నాకు ఇచ్చాడు.

నీకు ఎప్పుడూ చెప్పలేదు. మా అన్నకు కారు నడపడం రాదు.

కరుణ